ప్రశ్నాపత్రం ఇంట్లో పెట్టి చంపాపేట్ రండి

అంతర్జాతీయ వ్యాపారం మీద థీసిస్ రాస్తూ ఫీల్డ్‌వర్క్‌కని హైదరాబాద్‌లో మా చంపాపేట్ వైపు వచ్చే పిల్లలకు నా మొదటి సలహా: ప్రశ్నాపత్రం తేకండి. మీ గైడు ఒప్పుకోరు. అయినా తేకండి.

కాగితం చూడగానే మనవాళ్లు మర్యాదగా జవాబు చెప్తారు. 'ఫర్నిచర్‌కు ఏడాదికెంత ఖర్చు పెడతారు?' అంటే ఇంటి పెద్దాయన ఏదో ఒక అంకె చెప్పేస్తారు. తీరా చూస్తే ఆ ఇంట్లో డబుల్ కాట్, బీరువా కోడలి సారెలో వచ్చినవి. కొన్నవాళ్లు వేరే ఊళ్లో ఉన్నారు. ఆ సంగతి రాసుకోవడానికి మీ కాగితంలో గడి ఎక్కడుంది?

వంటింట్లోకి రానిస్తే టేపు తీయండి. గట్టు ఎంత ఎత్తుంది? గ్రైండరు కింద పెట్టారా, పైన పెట్టారా? రాత్రి నీళ్లు కొట్టి కడిగితే అవి ఎటు పోతున్నాయి? హైదరాబాద్‌లో మొదటి దుకాణం తెరవకముందు ఫర్నిచర్ కంపెనీ ఐకియావాళ్లు దేశంలో వెయ్యి దాకా ఇళ్లు తిరిగి చూసింది ఇలాంటివే. అలా చూశాకే కొన్ని అల్మరాలు కిందికి దిగాయి, మడత కుర్చీలు, స్టూళ్లు పెరిగాయి. విడిభాగాలు తెచ్చుకుని సొంతంగా బిగించుకునే ఓపిక మనకు లేదని గ్రహించి, ఇంటి పనులకు మనుషుల్ని పంపే అర్బన్‌క్లాప్‌తో ఒప్పందం చేసుకున్నారు.

దేశాల సంస్కృతిని కొలిచే హాఫ్‌స్టెడ్ అంకెలు చివరి పేజీకి నెట్టండి. 1980 నాటి ఆయన పుస్తకానికి ఆధారం ఐబీఎం ఉద్యోగులు నింపిన ప్రశ్నాపత్రాలు. దేశం మొత్తానికి కలిపి ఒక్క అంకె! ఐ.ఎస్. సదన్ వైపు ఉర్దూ మాట్లాడే ఇంటికీ, కర్మన్‌ఘాట్ వైపు నల్గొండ నుంచి వచ్చి స్థిరపడ్డ ఇంటికీ అదే సరిపోతుందా?

ఇక కష్టమైన సలహా. స్థానికులు చెప్పే ఆచారాన్నీ వెంటనే నమ్మకండి, నేను చెప్పినా సరే. ఆషాఢంలో ఇంటికి కొత్త సామాను కొనరని ఇక్కడ ఎవర్నడిగినా చెప్తారు. ఐకియా తెరిచింది 2018 ఆగస్టు 9న. శ్రావణం ఇంకా రాలేదు. అయినా మొదటి రోజే దాదాపు 40 వేల మంది వెళ్లారు. వాళ్లలో కొన్నవాళ్లెందరు, చూసి వచ్చినవాళ్లెందరు, 'శ్రావణంలో కొందాంలే' అనుకున్నవాళ్లెందరు? పరిశోధన మొదలవ్వాల్సింది అక్కడ.

థీసిస్ పేరులో 'ఇండియా' కొట్టేసి 'చంపాపేట్' అని రాయండి. గైడు వద్దంటే ఆయన్నీ ఒక సాయంత్రం ఇటు తీసుకురండి.