ఆఫ్ గారి లీలలు

ఇంగ్లిషులో పెద్ద మాటలకు మనవాళ్లు ఏనాడూ జంకలేదు. ‘పోస్ట్‌పోన్’ అన్న మాట మా వీధి టెంటుహౌసు కుర్రాడు కూడా దర్జాగా వాడతాడు. అది చాలదన్నట్టు దానికి జోడీగా ‘ప్రీపోన్’ని వాడి వాడి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దాకా లాక్కెళ్లాం. అదే ముక్క ‘పుట్ ఆఫ్’ అంటే మాత్రం నోరెళ్లబెడతాం. పుట్ అంటే పెట్టడం, ఆఫ్ అంటే ఆర్పడం. పెట్టి ఆర్పడమేమిటి, ఖర్మ! ‘పుట్ అప్ విత్’ అంటే భరించడమట. ఇది మాత్రం నాకు చప్పున అర్థమైంది. మా పైవాటా వాళ్లు అర్ధరాత్రి మంచాలు జరుపుతారు.

మా తోడల్లుడి కూతురు ఐఈఎల్‌టీఎస్ రాయబోతూ మా ఇంట్లో దిగింది.

“పెదనాన్నా, అలారం వెంట్ ఆఫ్ అంటే ఆగిందనేగా?”

“కాదమ్మా, మోగింది.”

“అయితే లైట్లు వెంట్ ఆఫ్ అంటే వెలిగాయా?”

“ఆరిపోయాయి.”

“బాంబు?”

“పేలింది.”

“పాలు?”

“విరిగాయి.”

పిల్ల నన్ను ఎగాదిగా చూసి, నోటుబుక్కులో ఏదో రాసుకుంది. తొంగి చూశాను. ‘పెదనాన్న చెప్పినవి. సార్‌ని మళ్లీ అడగాలి.’

తప్పు పిల్లది కాదు. పరాయివాళ్లను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేవి ఇవేనని 1755 నాటి తన నిఘంటువు ముందుమాటలోనే శామ్యూల్ జాన్సన్ ఒప్పేసుకున్నాడు. ఒప్పుకుని ఊరుకున్నాడు. వీటికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంతో గానీ వాడుకలోకి రాలేదు, రోగం ముదిరాక నామకరణం చేసినట్టు. పేరు పెట్టినంత మాత్రాన బుద్ధులు మారతాయా? ఇల్లు ‘బర్న్ అప్’ అయినా, ‘బర్న్ డౌన్’ అయినా మిగిలేది బూడిదే. ఫారం ‘ఫిల్ ఇన్’ చేసినా, ‘ఫిల్ అవుట్’ చేసినా అదే ఫారం, అదే క్యూ.

అలాగని మనమేం తక్కువ తిన్నాం? 1817లో మద్రాసులో ఓడ దిగిన సి.పి. బ్రౌన్ దొర, 1852కల్లా తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు అచ్చువేయించాడు గానీ, మన ‘పోవడం’తో ఎలా నెగ్గుకొచ్చాడో! పారిపోయాడంటే సరే, మనిషి కదిలాడు. చచ్చిపోయాడన్నా సరే, ఒక రకంగా వెళ్లినట్టే. మరి ‘అల్లుడు అత్తారింట్లోనే ఉండిపోయాడు’ అంటే? ఉన్నాడా, పోయాడా? మామగారిని అడిగితే కన్నీళ్లతో చెబుతాడు, ఉన్నాడని.

ఇదంతా పిల్లకు వివరిస్తుంటే వంటింట్లోంచి మాడు వాసన, పెరట్లోంచి మా ఆవిడ కేక ఒకేసారి వచ్చాయి.

“ఎవరన్నా లేచి ఆ స్టవ్ కట్టేయండర్రా!”

“దేంతో పెద్దమ్మా, తాడుతోనా?” అంది పిల్ల.