వేలిముద్రకు తాళం

దేవనకొండ మండలం నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, పోతాయి. అలా పోయేవాళ్లలో ఒక తల్లి గుంటూరు వైపు మిరప కోతకు పోయి, తెచ్చుకున్న కూలి డబ్బులు బ్యాంకులో వేసుకుంటుంది. తీసుకునేది మాత్రం ఊళ్లోని అంగడిలో ఉండే మినీ బ్యాంకులో, వేలిముద్ర పెట్టి. కాయలు కోసి కోసి వేలి గీతలు అరిగిపోయాయి, మిషన్ ఒక పట్టాన ఒప్పుకోదు. ఆ అంగడి పిల్లోడు విసుక్కోకుండా ఆమె వేలిని తన తువ్వాలుతో తుడిచి, "ఇంగొకసారి పెట్టత్తా" అంటాడు. వరసకు అల్లుడు. పండగ నాడు ఇంటికొచ్చి కాళ్లకు మొక్కిపోతాడు.

బెంగళూరులో పనిచేసే కొడుకు భయం బయటి దొంగల గురించి. 2018లో తెలంగాణలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి, భూముల రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలతో రబ్బరు అచ్చులు చేసి, ముక్కూమొహం తెలియనివాళ్ల పేర్ల మీద వేల సిమ్‌లు నడిపించి పట్టుబడ్డాడు. ఆధార్‌తో డబ్బు తీయడానికీ అంతే. నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. పిన్ అడగదు, ఓటీపీ రాదు. ఫోన్‌కు ఎంత పొడుగు పాస్‌వర్డ్ పెట్టినా ఈ దారి మూసుకోదు. నన్నడిగితే, పల్లెలో ఉన్న అమ్మానాన్నలకు అన్నిటికన్నా ముందు చేసిపెట్టాల్సింది వేలిముద్రకు తాళం వేసే బయోమెట్రిక్ లాకే.

ఆదివారం వచ్చిన కొడుకు ఆధార్ యాప్‌లో ఆ లాక్ వేశాడు. అవసరానికి తీస్తే పది నిమిషాలే తెరుచుకుని ఉంటుంది, ఆ తర్వాత దానంతటదే పడిపోతుంది. రేషన్‌కు పోయే ముందు, డబ్బులకు పోయే ముందు ఎక్కడ నొక్కాలో అమ్మ చేతనే నొక్కించి చూపించాడు. ఓటీపీ అడిగితే కన్నకొడుకు గొంతు వినబడినా చెప్పొద్దన్నాడు. డబ్బు పోయిందనిపిస్తే వెంటనే చేయమని 1930 నంబరు గోడమీద పెద్దగా రాశాడు.

ఆమెకు ఇదంతా నచ్చలేదు. "మన ఊళ్లో దొంగలెవరుండారు రా? అయినా నా దగ్గర ఏముండాదని? సుగ్గి దుడ్లు ఎట్లా అయిపోతాండాయో నాకే తెలీదు."

కొడుకు ఆ రాత్రే బెంగళూరు బస్సెక్కాడు.

మంగళవారం పొద్దున అంగడి అల్లుడు తనే వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు. ముఖం నిండా ఆదుర్దా.

"అత్తా, నీ వేలిముద్రకు ఎవరో లాక్ వేసినారు. నిన్న నాలుగు మాట్లు చూసినా, పడ్డమే లేదు. ఫోనియ్యి, తీసేస్తా."

ఆమె చేట పక్కన పెట్టింది.

"ఈ నెలలో నీ అంగడి గడపే తొక్కలేదు గద నాయనా. నిన్న నువ్వు పెట్టి చూసిన వేలు ఎవరిది?"