ఎర్ర పెన్ను సారు

భీమ్‌గల్‌లో పొద్దున్నే చాయ్ కంటే ముందు మరిగేది మా రిటైర్డ్ ఇంగ్లీషు సారు. అంగీ జేబులో రెండు పెన్నులుంటాయి. నీలం పెన్ను పింఛను కాగితాల కోసం, ఎర్రది ఊరి కోసం.

పెండ్లిపత్రిక చేతిలో పెడితే ముహూర్తం చూడడు, 'వెడ్డింగ్'లో రెండు 'డీ'లు పడ్డాయో లేదో చూస్తాడు. ఒక్కటే ఉంటే, "జత కుదరలే" అని ఎర్రగా గీసి పిల్ల తండ్రి చేతికే ఇచ్చేస్తాడు.

"సారూ, మా తాత ఎక్స్‌పైర్ అయిండు" అని ఒకడు ఏడ్చుకుంటూ వస్తే, "ఎక్స్‌పైర్ అయ్యేది మందుసీసా, దుబాయి వీసా. మనిషి చనిపోతడు బిడ్డా" అని ముందు వాక్యం సరిచేసి, ఆ తరవాతే కండ్లు తుడుచుకుంటాడు. పాడె మోయడానికి మాత్రం అందరికంటే ముందుంటాడు. అందుకే ఊరు ఆ పెన్నును ఓర్చుకుంటుంది.

ఎదురుదెబ్బలు తినలేదని కాదు. ఒకరోజు హోటల్లో ఒక పిల్లగాడు, "మా కజిన్ బ్రదర్ మస్కట్ నుంచి వస్తుండు" అన్నాడు.

"కజిన్ అంటే సాలదారా? బ్రదర్ ఎందుకు తోక?"

"సాలదు సారూ. వట్టి కజిన్ అంటే మేనబావనో, చిన్నాయన కొడుకో ఎట్ల తెలుస్తది? బావ అయితే మా అక్కనిస్తం, తమ్ముడైతే ఎట్లిస్తం?"

సారు చాయ్ చల్లారిపోయింది. వరసల్లేని భాషలో వరస వెతుక్కున్న పిల్లగాడికి ఏ మార్కు వేయాలో తోచలేదు.

తేదీని ముందుకు జరపడాన్ని 'ప్రీపోన్' అని రాసినవాళ్లకు సర్వీసంతా మార్కులు కోసిన మనిషి ఈయన. మొన్న డిగ్రీ చదివే మనవరాలు ఫోన్ తెరిచి, ఆ మాట ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనే ఉందని చూపించింది. కండ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ చూశాడు. "ఆక్స్‌ఫర్డ్ గూడ పాడయింది" అని తేల్చేశాడు.

ఆయనకు ఒక్కటే ఓదార్పు. పసుపుకు ఇంగ్లీషు పేరైన టర్మరిక్‌లో మొదటి 'ఆర్'ను ఇంగ్లీషు ఇంట్లో పుట్టినవాళ్లే చాలామంది మింగేస్తారట. "వాళ్లు తూమరిక్ అంటరు. మన భీమ్‌గల్ రైతు ఆర్మూర్‌లో రెండు 'ఆర్'లు పలికినట్టే ఇందులోనూ రెండూ పలుకుతడు. పండించినోనికి తెలుస్తది విలువ!" 2025 జనవరిలో మా నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైనప్పుడు, పేపరులో ఆ పేరును ఇంగ్లీషులో అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. తప్పు దొరకలేదు. రైతులు సంబురపడ్డారు గానీ సారు ఆ పూట కొంచెం దిగులుగానే ఉన్నాడు.

అసలు పరీక్ష పసుపు కాలంలో వచ్చింది. పాత శిష్యుడొకడు పసుపు ఉడకబెట్టి, ఎండబోసి, డ్రమ్ములో పాలిష్ పట్టించి, మార్కెట్‌కు పంపే బస్తాల మీద ఇంగ్లీషులో పేర్లు రాస్తున్నాడు. ఒకదాని మీద 'ఫింగర్', ఇంకోదాని మీద 'బల్బ్'. సారు చేయి జేబులోకి పోయింది.

"బస్తాల వేలేందిరా? ఇదేంది, లైటు బుగ్గలమ్ముతున్నవా?"

"కాదు సారూ. ఇంగ్లీషుల కొమ్మును ఫింగర్ అంటరు, గోళను బల్బ్ అంటరు. యాపారమంతా గా పేర్ల మీదనే నడుస్తది." దోసిట్లో రెండూ పోసి చూపించాడు. కొమ్ము నిజంగానే వేలిలా ఉంది, కణుపులతో సహా. గోళ ఉబ్బిన బుగ్గలా గుండ్రంగా ఉంది.

సారు కొమ్మును తన చూపుడువేలి పక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. పెన్ను మూత పెట్టాడు. మేమంతా ఊపిరి పీల్చుకునేలోపే మళ్లీ తీశాడు.

"సరే, ఫింగరే. మరి చివర 'ఎస్' ఏదిరా? బస్తా నిండా ఒక్కటే వేలా?"

శిష్యుడు దండం పెట్టాడు. "రాయి సారూ, నీ ఇష్టం. బస్తా మీద సింగ్యులర్ ఉన్నా, ప్లూరల్ ఉన్నా నాకొక్కటే. రేటు మాత్రం ప్లూరల్‌ల రావాలె!"

సారు నవ్వాడు. ఆ బస్తాలన్నింటి మీదా ఒక్కో ఎర్ర 'ఎస్' చేర్చి ఇంటికి పోయాడు.