కాకిలెక్కల కల్యాణం

దేశంలో 99.9 శాతం కంటే ఎక్కువ మంది స్వలింగ వివాహాలకు వ్యతిరేకమట. 2023 ఏప్రిల్‌లో, ఆ పెళ్ళిళ్ళకు చట్టబద్ధత కోరిన కేసును సుప్రీంకోర్టు ధర్మాసనం వింటుండగానే, భారత బార్ కౌన్సిల్ వారు తీర్మానం చేసి మరీ చెప్పారు. ఉత్తినే 'నూటికి తొంభై మంది' అని ఉంటే రచ్చబండ కబురని ఊరుకునేవాళ్ళం. ప్రతిభంతా ఆ పాయింటు పక్కన తొమ్మిదిలో ఉంది. ఎవరో సంచీ భుజాన వేసుకుని, గడపగడపా తిరిగి, చెప్పులరగదీసుకుని రాసుకొచ్చినట్టు లేదూ!

నేనూ కాగితం తీశాను. 140 కోట్లలో 99.9 శాతం తీసేస్తే మిగిలేది 14 లక్షలు. కానీ పురుషులతో సంబంధమున్న పురుషులే దేశంలో 25 లక్షల మంది ఉంటారని 2012లో కేంద్ర ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు లెక్క చెప్పింది. అంటే వాళ్ళలోనే కనీసం 11 లక్షల మంది తమ పెళ్ళికి తామే అడ్డుపడుతున్నారన్నమాట! మహిళల జంటలు, వాళ్ళకు అండగా నిలిచిన తల్లులు, పిటిషన్లు రాసిన లాయర్లు ఆ మిగిలిన 14 లక్షల్లో ఎక్కడ సర్దుకున్నారో ఏమో. ఊళ్ళో కాకులెన్నని రాజు అడిగితే మంత్రి నోటికొచ్చిన అంకె చెప్పి, తక్కువైతే చుట్టాలింటికెళ్ళాయన్నాడట. ఆ మంత్రి ఎంత తెలివైనవాడైనా పాయింటు దాకా వెళ్ళలేదు.

మా ఆంధ్రప్రదేశ్ సంగతి ఇంకా ముచ్చటైనది. ఆ ఏప్రిల్ 18న కేంద్రం రాష్ట్రాలన్నిటికీ ఉత్తరం రాసి అభిప్రాయం అడిగింది. జవాబిచ్చినవి ఏడు. మత పెద్దలను సంప్రదించామనీ, తాము వ్యతిరేకమనీ మావాళ్ళు రాసి పంపారు. అప్పట్లో యాభై ఇళ్ళకో వాలంటీరు ఉండేవాడు. ఒకటో తేదీ తెల్లవారకముందే పింఛను పట్టుకుని తలుపు కొట్టేవాడు. మా ఇంట్లో ఎన్ని ఫ్యాన్లున్నాయో కూడా అతనికి తెలుసు. ఈ ఒక్క ముక్క అడగడానికి మాత్రం ఎవరూ తలుపు కొట్టలేదు.

నిజంగా అడిగినవాళ్ళు లేకపోలేదు. అమెరికాలోని ప్యూ పరిశోధనా కేంద్రం 2023లోనే మన దేశంలో సర్వే చేసింది. చట్టబద్ధం చేయవచ్చన్నవాళ్ళు 53 శాతం, కూడదన్నవాళ్ళు 43 శాతం. విదేశీ సర్వే, నమ్మరాదంటారా? సరే, నమ్మకండి. 2014లో 31 శాతం ఓట్లకే లోక్‌సభలో మెజారిటీ దక్కిన దేశం మనది. ఇక్కడ మాత్రం నూటికి నూరూ పడితే గానీ తాళిబొట్టు కదలదు.

అలాగని ఆ 53 మీదా నాకు మోజు లేదు. రేపది 47కి పడితే? పెళ్ళి చేసుకునేవాళ్ళు ఇద్దరు, ఓటేసేవాళ్ళు 140 కోట్లా? నా పెళ్ళికి మా వీధివాళ్ళ ఓట్లు లెక్కపెట్టి ఉంటే మా ఆవిడ ఇప్పటికీ పుట్టింట్లోనే సుఖంగా ఉండేది.

ఏ జంట పిటిషన్ పేరు మీద ఆ కేసు నడిచిందో, ఆ ఇద్దరూ హైదరాబాద్‌వాళ్ళే. 2021 డిసెంబరులో నగరం శివార్లలో బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకున్నారు. పది రోజుల వాదనల తర్వాత 2023 అక్టోబర్ 17న తీర్పు వచ్చింది. పెళ్ళి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు న్యాయమూర్తులూ ఒక్క మాట మీద నిలబడ్డారు. చట్టం చేసే పని పార్లమెంటుదన్నారు. పార్లమెంటేమో ప్రజల మనసెరిగి నడుచుకోవాలి. ప్రజల మనసేమో బార్ కౌన్సిల్ వారి దగ్గర భద్రంగా ఉంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు.

పూర్తిగా పెట్టలేదంటే పాపం. కమిటీ వేశారు. ఇద్దరూ కలిసి బ్యాంకు ఖాతా తెరుచుకోవడానికి అడ్డేమీ లేదని 2024లో కేంద్రం ప్రకటించింది. అన్నదమ్ములకూ, అప్పుల్లో వాటాదారులకూ ఎప్పటినుంచో ఉన్న సౌకర్యమే, అయినా సంతోషం. రేషన్ కార్డు విషయంలో ఇలాంటి జంటలను ఒకే కుటుంబంగా చూడాలని రాష్ట్రాలకు సూచన కూడా వెళ్ళింది. అంటే డీలరు తూకం వేసే చోట వాళ్ళు కుటుంబం, రిజిస్ట్రారు ముందు నిలబడితే ఎవరికెవరో. బియ్యం ఇద్దరికీ కలిపే కొలుస్తారు. అందులోంచి గుప్పెడు తీసి పసుపు కలిపి అక్షింతలు చేసుకున్నారో, అది 99.9 శాతం మంది అభిప్రాయానికి విరుద్ధం.