‘మోస్ట్ అర్జెంట్’ ఫోటో పంపిన వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గ్రూపు అడ్మిన్ వారి సముఖమునకు,

విషయం: కార్యాలయ సమాచారం – వాట్సాప్ ఉత్తర్వులు – ప్రొఫార్మా ఫోటో – మనవి చేసుకొనుట గురించి.
సూచిక: నెలాఖరు రాత్రి 10.47కు గ్రూపులో పడిన ఫోటో. నంబరు లేదు, తేదీ లేదు, సంతకం లేదు.

వాట్సాప్ ఉత్తర్వు అంటే పై అధికారి ఫోనులోంచి కింది ఉద్యోగి ఫోనులోకి జారే పని. దాని తయారీ ఇలా ఉంటుంది. ఎక్కడో ఒక కార్యాలయంలో ఎక్సెల్ షీటు పుడుతుంది. దాన్ని ప్రింటు తీస్తారు. ఆ ప్రింటును టేబుల్ మీద పరిచి ఫోటో తీస్తారు. ఫోటో జిల్లాకు, అక్కడి నుంచి మున్సిపాలిటీకి, అక్కడి నుంచి వార్డుకు దిగేసరికి కుడిపక్క గడులు తెగిపోయి, మిగిలిన గడుల పేర్లు అలుక్కుపోయి ఉంటాయి. కింద ఒక్క ముక్క మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది: ‘మోస్ట్ అర్జెంట్, రేపు ఉదయం 9 లోపు’.

చిలకలూరిపేటలో ఒక వార్డు సచివాలయానికి సూచికలోని ఫోటో ఈ దారినే చేరింది. అసలు షీటు పైన ఎవరి కంప్యూటర్లోనో భద్రంగా ఉండగా, డేటా ప్రాసెసింగ్ సెక్రటరీ అర్ధరాత్రి దాకా కూర్చుని గళ్లు మళ్లీ గీసి, వివరాలు మళ్లీ టైపు చేశారు. ఆ వివరాలు అదే శాఖ పోర్టల్‌లో ముందే ఉన్నాయి. తెల్లవారితే ఒకటో తేదీ. 2024 జులై 1 నుంచి ఇంటింటికీ పింఛను పంచే పని సచివాలయ సిబ్బందిదే. వేలిముద్ర పడక మళ్లీ మళ్లీ ఒత్తుతున్న ముసలమ్మ ఎదుట పింఛను యాప్ తెరిచి ఉన్న అదే ఫోనులో, ఉదయం 8.50కు, ‘రివైజ్డ్ ప్రొఫార్మా, ఇగ్నోర్ ప్రీవియస్’ అని పడింది. ఇదేం పద్ధతి? 9కి గడువు పెట్టి 8.50కి ప్రశ్న మారుస్తారా? నిద్ర మానుకుని నింపిన షీటును ఒక్క ముక్కతో చెత్తబుట్టలో వేస్తారా?

పద్ధతి తెలియక జరుగుతున్నది కాదిది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి జిల్లా ఆఫీసుల్లో టోటెన్‌హామ్ పద్ధతి నడిచింది. టపా విప్పగానే దాని మీద తేదీ ముద్ర, ఆపైన ‘కరెంటు నంబరు’ అనే వరుస సంఖ్య పడేవి. ఏ గుమస్తాకు ఇచ్చిందీ డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరు చెప్పేది. ఆ గుమస్తా దాన్ని తన పర్సనల్ రిజిస్టరులో ఎక్కించుకుని, ఏం చేసిందీ అక్కడే రాసుకునేవాడు. పై అధికారి తనిఖీకి వచ్చి అడిగేది ఆ రిజిస్టరునే. నత్తనడకే, కాదనేవారు లేరు. అయినా ఏ కాగితం ఎవరి దగ్గర ఆగిందో వెతికితే దొరికేది. ఇప్పుడు ఉత్తర్వు క్షణంలో వస్తుంది, ఎవరికి వచ్చిందో ఎవరికీ తెలియదు. గుంటూరు యార్డుకు పోయే మిర్చి బస్తాకైనా లాటు నంబరు ఉంటుంది. ప్రభుత్వ ఉత్తర్వుకు ఆపాటి గుర్తు కూడా లేదు.

సచివాలయాల్లో ఈ బాధ రెట్టింపు కావడానికి కారణం వాటి నిర్మాణంలోనే ఉంది. 2019 అక్టోబరు 2న మొదలైన ఈ వ్యవస్థలో ఒకే గదిలో శానిటేషన్, ప్లానింగ్, ఎమినిటీస్, వెల్ఫేర్, ఎనర్జీ, రెవెన్యూ సెక్రటరీలు, ఏఎన్ఎం, మహిళా పోలీసు కూర్చుంటారు. ఒక్కొక్కరి వెనుక ఒక్కో శాఖ, ఆ శాఖకో గ్రూపు. వీటికి తోడు అందరికీ కలిపి మున్సిపాలిటీ గ్రూపులు. ఒకే ఇంటి వివరాన్ని మూడు శాఖలు మూడు రకాల గళ్లలో అడుగుతాయి. పక్క శాఖ అడిగిందన్న సంగతి ఏ శాఖకూ పట్టదు.

ఇక ప్రతి మెసేజికీ జవాబుగా పెట్టే ‘నోటెడ్ సర్’ సంగతి. 2022 నుంచి ఒక గ్రూపులో 1,024 మందిని చేర్చవచ్చు. మెసేజి మీద బొటనవేలి గుర్తు నొక్కే సదుపాయం కూడా ఆ ఏడే వచ్చింది. కానీ బొటనవేలు చూపిస్తే పొగరు అనుకుంటారేమోనని భయం. అందుకే ‘నోటెడ్ సర్’లు వరుస కడతాయి, వాటి కింద ఉత్తర్వు పూడిపోతుంది, ‘మళ్లీ ఒకసారి పంపగలరు సర్’ అని ఎవరో అడుగుతారు, వారికి చీవాట్లు పడతాయి.

రాత్రి వేళ పడే ఉత్తర్వుల సంగతికొస్తే, ఫ్రాన్సులో 2017 జనవరి 1 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి, పని వేళలు దాటాక ఆఫీసు సందేశాల జోలికి పోకుండా ఉండే హక్కును చట్టం గుర్తించింది. మన లోక్‌సభలో ఎంపీ సుప్రియా సూలే అలాంటి ప్రైవేటు మెంబరు బిల్లే పెట్టారు, చట్టం కాలేదు. అంత పెద్ద హక్కు పేటలో ఎవరూ అడగడం లేదు.

అడిగేది ఇంతే: పని ఎవరిదో పేరు, ఎప్పటికి కావాలో తేదీ, ఎవరికి పంపాలో చిరునామా, గుర్తుకో నంబరు. పేరు రాయడం కుదరకపోతే హోదా చాలు. నంబరు కష్టమైతే తేదీ ఒక్కటి వేయండి. గడువు పెంచకపోయినా ఫరవాలేదు, ఫోటో బదులు ఫైలు పంపండి. ఫైలు పంపే వీలు లేకపోతే, ఆ ఫోటోనైనా కుడిపక్క గడులు తెగకుండా తీయించండి సర్.

ఇట్లు,
గ్రూపులోంచి ఎగ్జిట్ కావడానికి వీల్లేని సభ్యులు