పాంప్లెట్టు కడపటి పంక్తి: సటీకా తాత్పర్యము

మూలము

"ఆత్రేయపురం అసలు పాత నేతి పూతరేకులు, టీఎం, ఆర్. కాపీరైట్ 2019. సర్వహక్కులు మావి. నకిలీలను చూసి మోసపోకండి. మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు."

అవతారిక

దినపత్రిక మడతనుండి జారిపడిన పసుపుపచ్చ పాంప్లెట్టు అడుగున, చీమతలకాయంత అక్షరములలో నున్న పంక్తి యిది. ధరలు, ఫోను నెంబరు సుబోధకములు గాన వ్యాఖ్యాత వాని జోలికి పోలేదు.

టీక

ఆత్రేయపురం = గోదావరి తీరపు ఊరు. దాని పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. అది అచ్చటి తయారీదారులందరి సొత్తు. ఒక్క దుకాణము చుట్టుకొని పోవుటకు వీలులేదు.

అసలు, పాత = చట్టమునకు అందని విశేషణములు.

టీఎం = "ఈ పేరు మాదని మేమనుచున్నాము". రిజిస్ట్రేషను లేకున్నను పెట్టుకొనవచ్చును.

ఆర్ (సున్న చుట్టినది) = 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టము క్రింద రిజిస్టరైనది. పదేండ్లకొకసారి రెన్యువలు చేయింపవలెను. రిజిస్టరు కాకయే సున్న చుట్టుట 107వ సెక్షను చొప్పున దోషము. ఒకే పేరునకు రెండు గుర్తులేల, పునరుక్తి కాదా యందురేమో. కాదు. ఒకటి చెల్లకున్నను రెండవది చెల్లునని యజమాని ముందుచూపు.

కాపీరైట్ 2019 = 1957 నాటి చట్టము ప్రకారము రచనతోడనే హక్కు పుట్టును; గుర్తు అక్కరలేదు, రిజిస్ట్రేషనూ అక్కరలేదు. అయితే పేరునకు కాపీరైటు లేదు. రేకు తీయు విద్యకు అసలే లేదు.

సర్వహక్కులు మావి = 1910 నాటి బ్యూనస్ ఎయిరీస్ ఒప్పందము అమెరికా ఖండపు ప్రచురణకర్తలకు నేర్పిన మాట. భారతదేశము అందులో ఏనాడును లేదు.

పాఠాంతరము

ఎదుటి దుకాణపు పాంప్లెట్టునను ఇదే పంక్తి, 2019తో సహా, కానవచ్చుచున్నది. రెండును ఒకే డీటీపీ కంప్యూటరున పుట్టినవి. కాపీరైటు చట్టము 17వ సెక్షను చొప్పున కృతికి తొలి హక్కుదారు కర్తయే. వేరొక ఒప్పందము లేనిచో డిజైనుపై హక్కు డబ్బిచ్చి చేయించుకొన్నవానికి రాదు, చేసినవానికే నిలుచును. కావున "మావి" యనుటలోని "మా" శబ్దమునకు డీటీపీ దుకాణమువాడే అర్థమని నవీనులు.

ధ్వని

"బ్రాంచీలు లేవు" అనుటకు దుకాణమొక్కటే యని వాచ్యార్థము. ఎదుటి దుకాణము తమ్మునిది, పంపకములైన నాటినుండి మాటలు లేవని వ్యంగ్యము. "నకిలీ" యనగా ఆ తమ్ముడే.

తాత్పర్యము

అయ్యా, చిన్న వ్యాపారికి ట్రేడ్‌మార్కు దరఖాస్తు ఆన్‌లైనులో 4,500 రూపాయలు. ఆ సొమ్ముతో పాంప్లెట్లే వేయించితిని. వకీలును పెట్టను, తమ్ముని కోర్టుకీడ్వను. అమ్మ ఇంకను వానియింటనే యున్నది. మీరు మాత్రము బస్సు దిగి కుడివైపునకు రండు.