రెండున్నరకు శుభోదయము

స్వదేశమున అయిదింటికే మేల్కాంచిన మామగారు కుటుంబపు వాట్సాప్ గ్రూపునకు గులాబీపువ్వుతో సహా అనుగ్రహించిన శుభోదయము, రియాద్‌లో రాత్రి రెండున్నరకు, డ్యూటీ దిగివచ్చి అప్పుడే కునుకుపట్టిన అల్లుని తలగడక్రింద టింగుమని మ్రోగును. అయినను అది ప్రేమ గదా, సహింపవచ్చును.

జుబైల్‌లో ఫోర్‌మన్ యెదుట పెదవి విప్పనేరని మహానుభావుడే, తెలుగువారి గ్రూపులో ఎన్నికల ప్రసక్తి వచ్చినంతనే, ఎదుటి పార్టీవాని ఏడుతరములను కడిగి ఆరవేయును. ఆన్‌లైన్‌లో పరువుతీసినవారికి 2007 నాటి సౌదీ సైబర్ నేరముల చట్టము ఏడాదివరకు జైలును, అయిదులక్షల రియాళ్లవరకు జరిమానాను నిర్ణయించినదని ఎవరో (అడ్మిన్ కాక మరెవరు!) జ్ఞాపకము చేసినయెడల, అంతటి వాగ్ధాటియు క్షణములో డిలీటగును. మరి అయిదు నిమిషములకు వేరొక గ్రూపు వెలయును. అందు ఆ అడ్మినుకు ప్రవేశము లేదు.